మా టీచరమ్మ మొగుడు చచ్చిన ఆదివారం

మా టీచరమ్మ మొగుడు చచ్చినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. ఒక్కసారి కాదు, ఆ ఆదివారం ఒక్క పూటలోనే ఆయన తొమ్మిదిసార్లు చచ్చాడు. నాలుగోసారి చచ్చేముందు బీడీ తాగి వస్తానని పెరట్లోకి పోయాడు. ఆరోసారి గురక పెట్టాడు. ఎనిమిదోసారి చీమ కుట్టిందని లేచి కూర్చుని, తన మీద పడి ఏడవాల్సిన పెళ్ళాన్ని "జర పక్కకు జరుగు" అన్నాడు. తొమ్మిదోసారి మాత్రం సరిగ్గా చచ్చాడు. అదే మా ప్రాణాల మీదికి తెచ్చింది.

మొదటి నుంచి చెప్తాను, లేకపోతే నన్ను హంతకురాలనుకుంటారు.

నేను కొత్తకోటలో బస్టాండు వెనక వీధిలో మిషన్ కుడతాను. జాకెట్లు, చీరలకు ఫాల్స్, బడిపిల్లల యూనిఫారాలు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కొలతలు తీసుకునేటప్పుడు కదిలితే ఎంతటివాళ్ళనైనా తిడతాను, అయినా గిరాకీ తగ్గలేదు. నా కొట్టుకు ఎదురుగా బ్యూటీ పార్లర్ ఉంది. దాన్ని నడిపేది అమరచింత పిల్ల. నాకంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకంటే పదేళ్ళు పెద్దది. ఇక మూడో మనిషి మా టీచరమ్మ. పక్క సందులో ఇల్లు, అంగన్‌వాడీలో పని. మధ్యాహ్నం పిల్లలను ఇళ్ళకు పంపించి నేరుగా నా కొట్టుకు వస్తుంది. స్టూలు మీద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టిపెడుతూ ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటుంది. ముగ్గురం కలిశామంటే లోపల నా మొగుడు టీవీ సౌండు పెంచుకుంటాడు.

పార్లర్ పిల్లకు సినిమాల పిచ్చి. ఫోన్‌తో చిన్న చిన్న సినిమాలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంది. కథ ఆమెదే, కెమెరా ఆమెదే, మేకప్ ఎలాగూ ఆమెదే. అంతవరకూ ఏవో తోడికోడళ్ళ కొట్లాటలు తీసేది. ఒకరోజు కస్టమర్ ముఖానికి ప్యాక్ వేసి, ఆమెను అలాగే వదిలేసి రోడ్డు దాటి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, జనాలకు గీ కొట్లాటలు సాలయినయి. ఇప్పుడు మర్డర్ గావాలె. కథ దొరికింది నాకు."

కథ ఏమిటంటే, ఒక భార్య బయటి నుంచి వచ్చేసరికి మొగుడు వంటింట్లో చచ్చి పడి ఉంటాడు. పక్కన రోకలి. స్నేహితురాళ్ళు ఇద్దరూ వస్తారు. భార్యే చంపిందని వాళ్ళు అనుకుంటారు. వాళ్ళే చంపారని భార్య అనుకుంటుంది. ఎవరికి వారు రెండోవాళ్ళను కాపాడాలని శవాన్ని పరుపులో చుట్టి దాచిపెడతారు. చివరికి తేలేదేమిటంటే, ఆయనను ఎవ్వరూ చంపలేదు. డాక్టరు వద్దన్నా వినకుండా అటక మీద దాచిన మామిడికాయ తొక్కు జాడీ కోసం ఎక్కి, కాలుజారి పడి చచ్చాడు. నాకు కథ బాగా నచ్చింది. తొక్కు కోసం ప్రాణం తీసుకునే మగవాళ్ళు మా చుట్టూ చాలామందే ఉన్నారు.

చిక్కల్లా శవం దగ్గర వచ్చింది. నా మొగుణ్ణి అడిగితే, "సినిమాల ఎట్ల సంపాలెనో నేర్సుకుంటవ్, ఇంట్ల గట్లనే సంపుతవ్. నేను రాను పో" అన్నాడు. పార్లర్ పిల్ల మొగుడు హైదరాబాదులో పని చేస్తూ నెలకోసారి వస్తాడు. "వచ్చేది ఒక్కరోజు, గది గూడ సచ్చి పండాల్నా?" అని ఫోన్ పెట్టేశాడట.

ఇక మిగిలింది టీచరమ్మ మొగుడు. ఆయన లారీ డ్రైవర్. ఎప్పుడూ రోడ్ల మీద ఉండే మనిషి, ఆ వారం ఇంజన్ విప్పి షెడ్డులో పెట్టడంతో ఇంట్లో ఉన్నాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు.

"పండుకునుడే గద వదినా? డైలాగులు లెవ్వు గద? అయితే ఎన్నిసార్లన్న సస్త."

టీచరమ్మే ఒప్పుకోలేదు. మొగుడి కోసం కాదు, అత్త కోసం.

ఈ అత్త సంగతి చెప్పకపోతే మిగతాదంతా దండగ. ఆమెది పెళ్ళయిన నాలుగైదేళ్ళకే మొగుడు పోయిన బతుకు. ఊరూరా తిరిగి కాలువలు తవ్వి, మట్టి మోసి, కొడుకునూ బిడ్డనూ పెంచింది. తల్లి లేని టీచరమ్మను కోడలుగా తెచ్చుకుని, పెళ్ళయిన మొదటి ఏడాది తన చేత్తోనే తలకు నూనె పెట్టేదట. రెండేళ్ళ కిందట ముసలమ్మ ఏదో పెళ్ళికి పోయినప్పుడు టీచరమ్మ మేస్త్రిని పిలిపించి, పెరట్లో అత్త తన చేతులతో వేసుకున్న మట్టి పొయ్యిని పగలగొట్టించి, టైల్స్‌తో గట్టు కట్టించింది. బాగుంటుందనుకుంది పాపం. ముసలమ్మ వచ్చి చూసింది. ఒక్క మాట అనలేదు. బట్టలు సర్దుకుని అయిజలో బిడ్డ ఇంటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు కోడలితో ఫోన్‌లో కూడా మాట్లాడలేదు.

"అడగకపోతి అక్కా. ఒక్క మాట అడగకపోతి" అని టీచరమ్మ నా కొట్లో హుక్కులు కుడుతూ ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. ఆ ఏడుపు వింటే నాకు ఆ ముసలమ్మ మీద ఒళ్ళు మండేది. పొయ్యి కోసం రెండేళ్ళు అలిగేవాళ్ళు ఉంటారా అని తిట్టేదాన్ని. చివరికి నెల కిందట టీచరమ్మ ఒక్కతే అయిజ పోయి, ఆడబిడ్డ ఇంటి గడపలో పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవలేదు. ముసలమ్మ "సూస్త తియ్యి" అన్నదట. తర్వాత ఆడబిడ్డ కబురు చేసింది: వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం అమ్మ వస్తుంది, రెండురోజులు ఉంటుంది. ఆ రెండురోజులు బాగా జరిగితే అత్త ఉండిపోతుందని టీచరమ్మ ఆశ. ఆ ఆశతోనే ఆమె అన్నం తింటోందని నాకు తెలుసు.

"గామె వచ్చే ముందల ఆదివారం గామె కొడుకును సచ్చినట్టు పండవెడ్తరా? తెలిస్తే ఇగ సచ్చేదాంక నా గడప తొక్కది" అంది టీచరమ్మ. న్యాయమే.

"ముసలమ్మకు యూట్యూబ్ ఏం తెల్సు అక్కా? ఆమెది బటన్ల ఫోను" అంది పార్లర్ పిల్ల.

మొగుడు కూడా "అమ్మకు యాడ తెలుస్తది? నేను జూస్కుంట" అన్నాడు. నేను కూడా ఊ అన్నాను. అబద్ధం ఎందుకు, నాకూ సినిమాలో కనబడాలని ఉండింది.

షూటింగ్ టీచరమ్మ ఇంట్లోనే. పార్లర్ పిల్ల శవానికి మేకప్ వేసింది. పెళ్ళికూతుళ్ళకు వేసే పౌడరే ఆమె దగ్గర ఉన్నది. దాంతో మా నల్లటి డ్రైవర్ చచ్చాక ఎర్రగా బుర్రగా తయారయ్యాడు. ముక్కులో దూది పెడితే తుమ్ములు. గదిలో ఫ్యాన్ వేస్తే దూది ఎగిరిపోయేది, ఆపితే పౌడరు కారిపోయేది. నేను రోకలి పట్టుకుని "ఎవ్వరికి జెప్పకు, మేమున్నం" అని గుసగుసగా అనాలి. అది బాగానే అన్నాను. టీచరమ్మకే ఏడుపు రాలేదు. మొగుడి పొట్ట పైకీ కిందికీ ఊగుతుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. ఉల్లిగడ్డ కోశాం, అమృతాంజనం పూశాం, కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నవ్వు పోలేదు.

చివరి సీనుకు అంతా బయటపడి శవాన్ని వాకిట్లోకి తెస్తారు. అప్పటికి ఎనిమిది చావులు అయ్యాయి. పార్లర్ పిల్లకు విసుగొచ్చింది. "నిజంగ సావిల్లు లెక్కనే గావాలె" అని గుమ్మం ముందు ఒక మొద్దుకు నిప్పు పెట్టించింది. మా దగ్గర ఎవరైనా పోతే ఇంటి ముందు అలా మొద్దు రగిలిస్తారు. అది కాలుతూ ఉన్నంతసేపు లోపల శవం ఉన్నట్టు లెక్క. మొద్దు మీదే ధ్యాస పెట్టి, వీధి గుమ్మం మూయాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మాకున్న తెలివి అంతే.

నన్ను శవం కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టమన్నారు. తెల్లదారం నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, కట్టాను. కట్టి తల ఎత్తేసరికి టీచరమ్మ ఆ వేళ్ళ వంకే చూస్తోంది. ముఖంలో నవ్వు లేదు. ఉన్నట్టుండి పెద్దగా ఏడ్చింది. అది ఉల్లిగడ్డ ఏడుపు కాదు. "నన్నిడిసి పోతివా, నేనెట్ల బతకాలె" అని మొగుడి పాదాలు పట్టుకుని తల కొట్టుకుంది. పార్లర్ పిల్ల కట్ అని చెప్పినా ఆగలేదు. లారీ రోడ్డెక్కిన ప్రతిసారీ ఆమె ఎంత భయం దాచుకుంటుందో నాకు అప్పుడే తెలిసింది. తర్వాత అడిగితే ఒక్కటే అంది: "కాళ్ళు కట్టినంక నిజంగనే పోయినట్టు గొట్టింది అక్కా."

సరిగ్గా అప్పుడే సందంతా లోపలికి వచ్చింది.

మొద్దు రగులుతోంది, లోపల ఏడుపు వినబడుతోంది, ఇంకేం కావాలి? చావిల్లని తెలిసి చూడకుండా పోకూడదు కదా. ఎదురింటి పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. వెనక పదిహేను మంది. మొన్ననే కదా మాట్లాడాడు, లారీ ఆక్సిడెంట్ అయి ఉంటుంది అని వాళ్ళలో వాళ్ళే నిర్ణయించేసుకున్నారు. డ్రైవర్ కళ్ళు తెరవబోతే పార్లర్ పిల్ల ఫోన్ వెనక నుంచి కళ్ళురిమింది. ఉచితంగా ఇంతమంది దొరికితే ఆమె వదులుతుందా? ఆయన పాపం ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. నేనూ ఆ దారం ముడి పట్టుకునే ఉన్నాను. ఇంతలో ఎవరో ఆయన ముఖం మీద బంతిపూలు చల్లారు. ఆయన తుమ్మాడు.

పెద్దమ్మ పెట్టిన కేక బస్టాండు దాకా వినబడిందట. సగం మంది బయటికి పరుగెత్తారు. విషయం తెలిశాక ఆ సగం మందీ తిరిగి వచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను.

"సచ్చినోళ్ళని జూసినం. ఇగ తానాలు జెయ్యాలె" అంది పెద్దమ్మ.

"సావలేదు గద పెద్దమ్మా, తానమెందుకు?" అన్నాను.

"ఏడ్సినమా లేదా? ఏడ్సినంక తానం జెయ్యకుండ ఇంట్లకు ఎట్ల వోతమే?"

ఆ సాయంత్రం సందులో ప్రతి ఇంట్లో తలస్నానాలే. నల్లా నీళ్ళు అయిపోయాయి, ట్యాంకులు ఖాళీ అయ్యాయి, మర్నాడు అంట్లు తోముకోవడానికి నీళ్ళు లేక మా పేరు చెప్పి మరోసారి తిట్టుకున్నారు. పెద్దమ్మ అయితే అప్పటికే, చావింట్లో పొయ్యి వెలిగించరు కదా అని, పప్పూ అన్నం పంపమని ఇంట్లో చెప్పి వచ్చిందట, గిన్నె వచ్చేసింది. అది మేమే తిన్నాం. పప్పు బాగుంది.

ఇప్పుడు అసలు పరేషాన్ మొదలైంది. సందంతటికీ తెలిసింది. వారం తిరిగేసరికి ముసలమ్మ దిగుతుంది. వీళ్ళలో ఏ ఒక్కరు నోరు జారినా టీచరమ్మ రెండేళ్ళ ఎదురుచూపు మట్టిలో కలుస్తుంది. కాబట్టి నోళ్ళు మూయించే పని పెట్టుకున్నాం. నేను ఇంటికో చీర చొప్పున ఫాల్స్ ఉచితంగా కుట్టాను. పార్లర్ పిల్ల ఐబ్రోలు ఉచితంగా చేసింది. ఆ వారం ఆ సందులో ఆడవాళ్ళందరి కనుబొమ్మలు ఒక్క తీరుగా ఉన్నాయి.

బుధవారం ఆమె సినిమాను యూట్యూబ్‌లో పెట్టింది. వద్దని టీచరమ్మ కాళ్ళావేళ్ళా పడింది, నేను తిట్టాను. "గంత మంచి ఏడుపు మళ్ళొస్తదా అక్కా?" అంటుంది. పైన కనబడే బొమ్మలో డ్రైవర్ ముఖం, ముక్కులో దూది, పక్కన నేను రోకలితో. రెండురోజుల్లో ఊళ్ళో ఎవరు చూసినా అదే మాట. డ్రైవర్ షెడ్డుకు పోతే మెకానిక్‌లు లారీకి పూలదండ వేసి పెట్టారు. హోటల్లో ఛాయ్ అడిగితే "సచ్చినోళ్ళకు చక్కెర ఎంత?" అన్నారు. ఆయనకు అదంతా బాగానే ఉంది, పదిమందీ గుర్తుపడుతున్నారని మీసం దువ్వుకున్నాడు. ఇంటికొస్తే టీచరమ్మ ముఖం చూసి మీసం వదిలేసేవాడు.

ఆదివారం వచ్చింది. అయిజ నుంచి గద్వాల, అక్కడ బస్సు మారి మా ఊరికి పదకొండు గంటలకు దిగింది ముసలమ్మ. చేతిలో ఒక చిన్న సంచి, రెండు చీరలకంటే పట్టదు. ఆ సంచిని చూసి టీచరమ్మ ముఖం వాడిపోయింది. మొగుడూ పెళ్ళాం ఎదురు వెళ్తే నేనూ తోడు వెళ్ళాను, ఎవరైనా వాగితే అడ్డుపడటానికి. పది అడుగులు వేయలేదు, అరటిపండ్ల బండివాడు డ్రైవర్‌ను చూసి అరిచాడు.

"అన్నా! మళ్ళ లేసినవా?"

"జొరమొచ్చి పండుకుండె పెద్దమ్మా. నిన్ననే లేసిండు" అన్నాను గబగబా.

ముసలమ్మ నా వైపు ఒకసారి చూసి "అవునా బిడ్డా" అంది. అంతే.

ఇంటికి రాగానే కొడుకును గడప లోపలికి రానివ్వలేదు. బయటే నిలబెట్టి, కొంగుకు కట్టుకొచ్చిన నిమ్మకాయతో దిష్టి తీసి, బిందెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించింది. ఆయన ప్యాంటు చొక్కాతో తడిసి ముద్దయ్యాడు. "జొరమొచ్చి లేసిండు గద" అంది. జ్వరం వచ్చి లేచినవాడికి చన్నీళ్ళు పోస్తారా అని నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే అన్నం సయించేది కాదు.

మధ్యాహ్నం ఎదురింటి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి "మొన్న సావి..." అని మొదలుపెట్టింది, గిన్నె కోసం. నేను గిన్నె తెచ్చి ఆమె చేతిలో కుక్కి, భుజం పట్టుకుని సందులోకి నడిపించుకుపోయాను. టీచరమ్మ వంటింట్లో, నేను వాకిట్లో, ఎదురుపడినప్పుడల్లా గుసగుసలు. ఏమన్నా అన్నదా? లేదు. అనుమానం వచ్చిందా? తెల్వదు. ముసలమ్మ మాత్రం కడుపునిండా తిని, కాసేపు పడుకుని, ఛాయ్ వేళకు లేచింది. ఛాయ్ తాగి గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అంది.

"గా పార్లర్ పిల్లను పిలువుండ్రి. ఇద్దరికి జెప్పి, మళ్ళ గామెకు జెప్పుడెందుకు?"

పార్లర్ పిల్ల వచ్చింది. ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. డ్రైవర్ మెల్లగా షెడ్డు వైపు జారుకున్నాడు. తిడుతుందని చూస్తున్నాను, తిడితే నేనూ తగ్గకూడదని మాటలు కూడా కూర్చుకున్నాను.

"మీకు సావు దాసుడు రాదే" అంది ముసలమ్మ.

టీచరమ్మ అక్కడే కూలబడింది. "తప్పయింది అత్తా" అంది.

"గుసగుసలేంది? సినిమాల గూడ గదే, పొద్దటి నుంచి ఇంట్ల గూడ గదే. సావు దాసేటోళ్ళు యాడన్న గుసగుస వెడ్తరా? గట్టిగ మాట్లాడ్తరు. ఉప్పు గురించి మాట్లాడ్తరు, మిరపకాయల గురించి మాట్లాడ్తరు."

"నీకెట్ల తెల్సు పెద్దమ్మా?" అని అడిగింది పార్లర్ పిల్ల. భయంలో కూడా కథ వాసన పట్టే ముక్కు అది.

అప్పుడు ముసలమ్మ చెప్పింది. సోలాపూర్ అవతల కాలువ పని. కొడుకు అప్పటికి మూడునెలల పిల్లవాడు, మూడేళ్ళ బిడ్డ అమ్మమ్మ దగ్గర ఊళ్ళో ఉంది. మొగుడు పనికి పోయాడు, ఈమె గుడిసెలో పిల్లవాడికి పాలిస్తోంది. తన గుంపులోని నలుగురు ఆడవాళ్ళు పని మధ్యలోనే గుడిసెకు వచ్చారు. పెద్దగా మాట్లాడుకుంటూ వచ్చారట. ఈసారి జొన్నలు బాగలేవని, మేస్త్రి ఊరికి పంపుతున్నాడని, నీ మొగుడు ముందు బండిలో పోయాడని. మాట్లాడుతూనే ఒకామె రొట్టె ఇచ్చింది.

"రొట్టె మీద నెయ్యి ఉండె" అంది ముసలమ్మ. "కాలువ పని కాడ నెయ్యి యాడిది? మేస్త్రి ఇంట్లకెల్లి తెచ్చిన్రు. నెయ్యి జూడంగనే తెలిసింది నాకు, ఆయన పోయిండని. మట్టిపెళ్ళ మీద వడ్డది."

టీచరమ్మ తల ఎత్తి అత్త ముఖం చూసింది.

"తెలిసి గూడ తిన్న. లారీ ముందల డ్రైవర్ పక్కన నేను, ఎనక గుంపంత, తట్టలు, పారలు, తట్టల కింద ఆయన. డ్రైవర్‌కు తెల్వదు. తెలిస్తే దించుతడు, దించితే ఆడ్నే మట్టిల బొందవెడ్తరు. ఆయనను ఊరికి తేవాలె గద. గందుకే నేను గూడ మాట్లాడిన. మిరపకాయలు ఎంతకు పోతున్నయని అడిగిన. డ్రైవర్ ఏదో జోక్ జేస్తే నవ్విన గూడ. నాకు తెల్వదనుకుని వాళ్ళు దాసిన్రు, నాకు తెల్సని వాళ్ళకు తెల్వకుండ నేను దాసిన. రెండు దినాలు."

"మరి ఊరికొచ్చినంక?" అన్నాను. నా కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"ఊరికొచ్చినంక ఏడుపు రాలే. ఎంత జూసినా రాలే. మొగడు సస్తే కండ్లల్ల నీళ్ళు రాలేదు, గుండెగాదు బండ అన్నరు. గట్లనే గడిచింది. మొన్న బేస్తవారం నా మనుమరాలు ఫోన్ల సూపెట్టింది, మామ సినిమా అని. నా కొడుకు ముక్కుల దూది సూసి తిట్టిన, మీ ముగ్గురిని పేరు పేరున తిట్టిన. గీ ఆదివారం రావద్దనుకున్న, మొదలే మనసొప్పుతలేకుండె. గంతట్లనే గీమె ఏడ్సుడు మొదలువెట్టింది." కోడలి వైపు చూసింది. "నా కొడుకు కోసం గంత ఏడుస్తదని నాకేం తెల్సు? గామె ఏడుస్తుంటె నాకు గూడ ఏడుపొచ్చింది. ఆయన కోసం. ఇన్నేండ్లకు. ఆపరాకుండ వచ్చింది. నా బిడ్డ భయపడి దవాఖానకు వోదాం పా అన్నది."

పార్లర్ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడవలేదని చెప్పుకోవాలని ఉంది, కానీ అబద్ధమవుతుంది. ఇన్నాళ్ళు ఈ మనిషిని పొయ్యి కోసం అలిగిందని తిట్టాను. నాకు నా మీదే సిగ్గేసింది.

టీచరమ్మ మోకాళ్ళ మీద జరిగి జరిగి అత్త దగ్గరికి పోయింది. ఆమె పాదాల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. ముసలమ్మ ఆ చెయ్యి తీయలేదు. కాసేపటికి నా వైపు తిరిగింది.

"ఏమే కుట్టేటామె, గట్ల సూస్తవేంది? గా ఫోన్ తీసి నా బిడ్డకు కలుపు. నా పెట్టె పంపమని జెప్పు, పెద్ద పెట్టె. బట్టలన్ని పంపమను."

టీచరమ్మ ఫోన్ అందిస్తే నేనే నంబరు కలిపి, స్పీకరు పెట్టి ముసలమ్మ ముందు పట్టాను. అవతల నుంచి బిడ్డ "ఏందమ్మా, ఏమన్న లొల్లా?" అని అడిగింది.

"లొల్లేం లేదు. పెట్టె పంపు. ఇగ నేను రాను. ఈడ్నే ఉంట, ఈడ్నే స..."

ఆ మాట పూర్తి కాకుండానే టీచరమ్మ లేచి రెండు చేతులతో అత్త నోరు మూసేసింది.